మూడు ముద్రలు, ఒక సంచి



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు ఉపన్యాసంలో పలకవద్దని వారి పిల్లలు నన్ను కోరారు. అందులో వింతేమీ లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన పేరు ఏ శిలాఫలకం మీదా పడలేదు. సిమెంటు రోడ్డు వేస్తే మంత్రిగారి పేరు, ఎమ్మెల్యేగారి పేరు, సర్పంచిగారి పేరు, చోటు మిగిలితే వార్డు మెంబరు పేరు చెక్కేవారు. ఆ రోడ్డును తీర్మానంలోకి, అక్కణ్ణుంచి క్యాష్‌బుక్కులోకి, చివరకు నా బల్ల మీదికి తెచ్చిన మనిషి పేరు మాత్రం రాతి మీద ఉండేది కాదు. ఆయన పనిచేసిన మూడు ఊళ్లూ ఆయన్ను సెక్రటరీగారనే పిలిచాయి. ఈ పూట నేనూ అలాగే అంటాను.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. లోకల్ ఫండ్ ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇంకొకరు పెట్టిన ఖర్చులో తప్పు వెతికితేనే జీతం ముట్టే కొలువు. మేం వస్తున్నామంటే పంచాయతీ ఆఫీసులో కుర్చీ తుడిచి వేసేవారు, కొబ్బరిబొండం కొట్టించేవారు, మనసులో ఏమనుకునేవారో ఊహించుకోవడం నాకు కష్టం కాదు. అలాంటి ఒక బొండం చేతిలో ఉండగానే సెక్రటరీగారితో నా మొదటి తగవు వచ్చింది. దాని దగ్గరికి మెల్లిగా వస్తాను.

ఆయన సైకిలుకి ఒక గుడ్డ సంచి వేలాడేది. అందులో మూడు రబ్బరు ముద్రలు. పొరపాటున ఒకదాని బదులు ఇంకోటి పడకుండా ఒకదానికి ఎర్రగుడ్డ, ఒకదానికి పచ్చగుడ్డ, మూడోదానికి తెల్లగుడ్డ చుట్టేవారు. ముద్రలు మూడు గానీ ఇంకు ప్యాడు ఒక్కటే. సోమ, గురువారాలు ఒక ఊరు. మంగళ, శుక్రవారాలు కాలవ అవతలి ఊరు. బుధ, శనివారాలు మూడో ఊరు. ఈ లెక్క ప్రతి పంచాయతీ తలుపు మీదా సుద్దముక్కతో రాసి ఉండేది. మండలాఫీసులో మీటింగు పడితే ఆ రోజు వంతు వచ్చిన ఊరికి సెక్రటరీ లేనట్టే. "మా ఊళ్లో చావాలన్నా మంగళారమో శుక్రారమో చూసుకుని చావాలండీ, లేకపోతే చచ్చినట్టు కాయితం రాదు" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన అల్లుడు బీమా డబ్బుల కోసం ఆ కాగితానికి తిరుగుతున్న రోజులవి.

పక్కపక్క పంచాయతీలు పాలనా సేవల్ని ఉమ్మడిగా వాడుకోవడం అన్న విషయం మీద మాట్లాడమన్నారు నన్ను. పైకి చూస్తే ఆ సంచే దానికి ఉదాహరణ. మూడు పంచాయతీలు, ఒక ఉద్యోగి, ఒక జీతం, ఒక ఇంకు ప్యాడు. ఇంతకన్నా పొదుపు ఏముంటుంది? కానీ నేను చూసినంతలో ఆ మూడు ఊళ్లూ ఏనాడూ ఏదీ 'పంచుకోలేదు'. వాటికి ఒక మనిషిని పంచి పెట్టారు. పంచుకోవడానికీ పంచి పెట్టడానికీ ఉన్న తేడా ఏమిటో చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

కొంచెం వెనక్కి వెళ్లాలి. ఊళ్లను గుంపు కట్టి పాలించడం మనకు కొత్త కాదు. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టంలోనే 'యూనియన్' అనే మాట ఉంది. ఒక పెద్ద ఊరుగానీ, ఆనుకుని ఉన్న కొన్ని ఊళ్లు కలిపిగానీ ఒక యూనియన్, దానికొక పంచాయతీ, ఇంటిపన్ను వేసి దీపాలూ, రోడ్లూ, పారిశుద్ధ్యం చూసుకోవాలి. ఏ ఊరు ఏ యూనియన్‌లో ఉండాలో పైవాళ్లే గీశారు. లెక్కలు, శిస్తు, పుట్టుక చావుల నమోదు మాత్రం కరణం, మునసబుల చేతుల్లోనే ఉండిపోయాయి. 1984 జనవరిలో ఆ వంశపారంపర్య గ్రామోద్యోగాలు రద్దయ్యాయి. ఆ వ్యవస్థ పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే కరణం ఊళ్లోనే పడుకునేవాడు. ఆ తరవాత వచ్చినవాళ్లు పక్క టౌను నుంచి బస్సులో వచ్చేవారు. మేజర్ పంచాయతీలకు ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు ఉండేవాడు, మైనర్ పంచాయతీలు ఎవరో ఒకరి అదనపు బాధ్యతగా బతికేవి. 2002లో పంచాయతీ కార్యదర్శుల వ్యవస్థ వచ్చింది. మన సెక్రటరీగారు అప్పటిదాకా గ్రామ పరిపాలనాధికారి. పేరు మారింది, సంచిలోకి ముద్రలు చేరాయి.

మనిషికొక ఊరు ఇవ్వడానికి సరిపడా మనుషులు లేరు గనక క్లస్టర్లు పుట్టాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 13,351 పంచాయతీలుంటే వాటిని 7,244 క్లస్టర్లుగా నడిపారు. సగటు కడితే క్లస్టరుకు రెండు పంచాయతీలు కూడా రావు. కానీ ఆడిటరుగా ఒక సంగతి చెప్పగలను: సగటు అనేది ఏ ఊళ్లోనూ కాపురం ఉండదు. పెద్ద పంచాయతీ ఒక్కటే ఒక క్లస్టరుగా సుఖంగా ఉండేది; చిన్నవి రెండూ మూడూ ఒక సంచిలో పడేవి. ఏ రెంటిని కలపాలో నిర్ణయించింది కార్యాలయంలో పటం. మధ్యలో కాలవ ఉందా, ఏరు ఉందా, ఆ రెండూళ్లూ ఒకదాని చెరువు గట్టు ఒకటి తెంపుకున్న పాత కథ ఏమన్నా ఉందా అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా మొదటి తగవుకి కారణమైన గేదె కథ.

ఆయన చూసే మూడు పంచాయతీల్లో రెండింటి మధ్య కాలవ ఉంది. సరిహద్దు కాలవ నడిమధ్యన. ఓ సార్వా కాలంలో, కాలవ నిండుగా పారుతున్నప్పుడు, చచ్చిన గేదె ఒకటి కొట్టుకొచ్చి వంతెన ఖానా దగ్గర తట్టుకుంది. తూర్పు గట్టు కుర్రాళ్లు రాత్రికి రాత్రి గెడతో దాన్ని పడమటి గట్టుకి నెట్టారు. మర్నాడు రాత్రి పడమటి గట్టువాళ్లు తిరిగి తూర్పుకి నెట్టారు. మూడో రోజుకి వంతెన మీద నడవడానికి లేదు. దిగువన కూతవేటు దూరంలోనే రక్షిత మంచినీటి చెరువులోకి నీళ్లు తీసుకునే తూము.

మంగళవారం తూర్పు గట్టు సర్పంచి సెక్రటరీగారిని కూర్చోబెట్టి, అవతలి పంచాయతీకి గట్టిగా ఒక ఉత్తరం రాయమన్నాడు. ఆయన రాశారు. డిస్పాచ్ నంబరు వేశారు. సంచిలో పెట్టుకున్నారు. తరవాత వంతు రోజున అవతలి ఆఫీసుకి పోయి, అదే ఉత్తరాన్ని ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించి, అక్కడి సర్పంచికి చదివి వినిపించారు. ఆయనకి కోపం వచ్చింది. ఇంతకంటే గట్టిగా జవాబు రాయమన్నాడు. అదీ సెక్రటరీగారే రాశారు. రెండు ఉత్తరాల్లోనూ ఒకే దస్తూరీ, ఒకే నీలిసిరా. జవాబు చివర మాత్రం ఒక వాక్యం తన సొంతంగా చేర్చారు: పూడ్చే ఖర్చు చెరిసగం భరించడానికి ఈ పంచాయతీకి అభ్యంతరం లేదని. సర్పంచి సంతకం పెట్టేటప్పుడు చివరిదాకా చదవలేదు. అది కూడా సెక్రటరీగారికి తెలుసు. నలుగురు మనుషుల్ని పెట్టి గేదెను గట్టుకి లాగించి, గొయ్యి తీయించి, సున్నం పోయించి పూడ్పించారు.

ఏడాది తరవాత నేను ఆడిట్‌కి వెళ్లాను. రెండు పంచాయతీల క్యాష్‌బుక్కుల్లోనూ ఒకే తారీఖున, ఒకే మేస్త్రీ పేరున, ఒకే పనికి రెండు ఓచర్లు. నాకు పండగే. ఒక గేదెను రెండుసార్లు పూడ్చి డబ్బు తిన్నాడనుకున్నాను. హాఫ్ మార్జిన్‌లో అభ్యంతరం రాశాను. ఆయన బొండం నా చేతికిచ్చి, నిదానంగా అన్నారు: "గేదె ఒకటేనండి, చచ్చింది కూడా ఒక్కసారే. పంచాయతీలే రెండండి."

ఆ తరవాత సంచిలోంచి 1994 పంచాయతీరాజ్ చట్టం తీసి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించారు. ఒక గ్రామ పంచాయతీ, తానూ పక్క స్థానిక సంస్థా కలిసి బాధ్యత వహించాల్సిన పని ఏదైనా ఉంటే, దానికోసం సంయుక్త సంఘం వేసుకోవచ్చునని అందులో ఉంది. పాత మద్రాసు చట్టాల నుంచి నడిచివస్తున్న ఏర్పాటే అది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ సెక్షన్ నేను చదవలేదు. చదవాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే దాని కింద ఖర్చు రాసిన పంచాయతీ ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. అయినా ఆడిటరు బుద్ధి పోనిచ్చుకోలేదు. "బాగానే ఉందండీ, రెండు పంచాయతీల తీర్మానాలు ఏవీ?" అన్నాను. "తీర్మానం అయ్యేదాకా గేదె ఆగుద్దా అండీ?" అన్నారు. అభ్యంతరం విరమించుకున్నాను.

ఈ కథ చెప్పినప్పుడల్లా జనం నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఆలోచించండి. అక్కడ రెండు పంచాయతీల మధ్య ఒప్పందం కుదిరింది. కానీ ఆ ఒప్పందం గురించి ఆ రెండు పంచాయతీలకూ తెలియదు. తెలిసింది ఒక్క గుమాస్తాకు. ఆయన మంచివాడు కాబట్టి చెరువు నీళ్లు బాగుపడ్డాయి. ఆయన స్థానంలో ఇంకొకరు ఉంటే రెండు ఉత్తరాలూ రెండు ఫైళ్లలో క్షేమంగా ఉండేవి, గేదె కాలవలో ఉండేది. క్లస్టరు పేరుతో మనం నడిపినది ఇదే. కలిసినది ఊళ్లు కాదు, ఒక మనిషి ఒంటి మీద భారం. రెండో ఊరి పని ఎందుకు ఆలస్యమైందో మొదటి ఊరికి తెలియదు. ఇద్దరు సర్పంచులూ కలిసి కూర్చుని ఈయన రోజుల్ని ఎలా పంచుకుందామని ఒక్కసారైనా అనుకున్నారా అని ఆయన్ను అడిగాను. జీతం ఇచ్చేది ప్రభుత్వం, వేసేది ప్రభుత్వం, తీసేది ప్రభుత్వం, మధ్యలో వాళ్లకేం పనండీ అన్నారు.

మన జనానికి ఉమ్మడి వ్యవహారం చేతకాదా అంటే, అది అబద్ధం. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు రాసుకునే పంపకాల దస్తావేజులు చూడండి. పొలం గట్లు వేస్తారు, ఇల్లు గోడ పెట్టి పంచుతారు, ఆ తరవాత ఒక వాక్యం రాస్తారు: నూతి మీద ఉభయులకూ హక్కు, నూతికి దారి ఉభయులకూ, పూడిక తీసిన ఖర్చు చెరిసగం. మాటల్లేని అన్నదమ్ములు కూడా ఆ నూతి దగ్గర ఒకే చేద వాడతారు.

అంతకన్నా పెద్ద సాక్ష్యం కాలవ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ గోదావరి డెల్టా అంతా ఒకరి నీళ్లు ఇంకొకరి పొలం మీదుగా పోవాల్సిన దేశం. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాల ఆయకట్టు. దాళ్వాలో గోదావరి తగ్గినప్పుడు సీలేరు నుంచి వచ్చే నీటి మీద కళ్లు పెట్టుకుని వంతులు వేసుకుంటారు. ఈ మూడు రోజులు ఎగువ బోదెకి, ఆ మూడు రోజులు శివారుకి. లాకు దగ్గర లస్కరుతో దెబ్బలాడతారు, రాత్రిపూట తూము తలుపు ఎత్తేస్తారు, పొద్దున పెద్దమనుషుల్లో పెడతారు. న్యాయంగా జరుగుతుందని నేనననండి. శివారు రైతు కడుపుమంట నాకు తెలుసు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో పూడిపోయిన మురుగు కాలవలు కూడా ఉన్నాయి. అయినా వంతు అన్న మాటకి ఇక్కడ విలువ ఉంది. వంతు తప్పినవాడిని ఊరు నిలదీస్తుంది. ఆ వంతు ఎవరో కాగితం మీద గీసింది కాదు, నష్టపోయేవాళ్లు ఎదురుగా ఉండగా తేలినది.

చట్టం కూడా ఒకసారి ఈ సంగతిని గుర్తించింది. 1997లో సాగునీటి వ్యవస్థల్ని రైతుల యాజమాన్యానికి అప్పగిస్తూ వచ్చిన చట్టం నీటి సంఘాల హద్దుల్ని రెవెన్యూ గ్రామం ప్రకారం గీయలేదు, నీరు పారే దారి ప్రకారం గీసింది. ఒకే కాలవ కింద ఉన్నవాళ్లు ఒక సంఘం, వాళ్లది ఏ ఊరైనా సరే. దాని పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ. ఆ సంఘాలు సక్రమంగా నడిచాయా అంటే చాలాకాలం ఎన్నికలే లేవు; 2024 డిసెంబరులో మళ్లీ జరిగాయి. నడక సంగతి ఎలా ఉన్నా ఆలోచన సరైనది. ప్రతి సేవకీ దానిదైన హద్దు ఒకటి ఉంటుంది. నీటిది కాలవ. మురుగుది డ్రెయిను. 1968లో డ్రైనేజీ కోసం డెల్టా రైతుల మీద సెస్సు వేస్తూ చట్టమే వచ్చింది. ఊరూరికీ వేరే చట్టం రాలేదు, కృష్ణా గోదావరి డెల్టాలు రెంటికీ కలిపి వచ్చింది. మీ ఊరి మురుగు మా ఊరి ముంపు. ఇది ఇక్కడ పుట్టినవాడికి బడిలో చెప్పక్కర్లేదు.

మరి ఆఫీసు పనికి హద్దు ఏది? ఇక్కడ అన్ని పనుల్నీ ఒకే గాటన కట్టడమే మన పొరపాటని నాకనిపిస్తుంది. జనన మరణ ధ్రువీకరణ, ఇంటిపన్ను రసీదు, వీధిదీపం ఫిర్యాదు, ఇవి గుమ్మం దగ్గర జరగాల్సిన పనులు. వీటికి మనిషి ఊళ్లో ఉండాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలకు పడవే దారి. ఆఫీసు అవతలి గట్టున ఉంటే లంకవాడికి ఆ రోజుల్లో పంచాయతీ లేనట్టే. ఇంకోవైపు, ఇంజినీరు, నీటి పరీక్షలు, లెక్కలు రాసే చేయి, చెత్త బండి, కాలవలో పూడిక తీసే యంత్రం, ఇవి రోజూ అక్కర్లేదు, ఊరికొకటి పెట్టుకునే స్తోమతూ ఉండదు. మనం చేసింది సరిగ్గా తిరగేసి. ఊళ్లో ఉండాల్సిన మనిషిని మూడూళ్లకు పంచాం. మూడూళ్లు పంచుకోవాల్సిన వస్తువుని ఊరికొకటి కట్టించాం.

చెత్త షెడ్లు చూడండి. చెత్త నుంచి సంపద అని పంచాయతీకొక షెడ్డు కట్టించారు. నేను చూసినవాటిలో సగం షెడ్లలో కొబ్బరి మట్టలు, ఎన్నికల బ్యానర్లు ఉన్నాయి. ఐదారు వందల గడపలున్న ఊరి చెత్త ఒక షెడ్డుకి సరిపోదు, ఒక బండికి డీజిలు గిట్టదు. పైగా గోదావరి జిల్లాల్లో పోరంబోకు సెంటు దొరకడం ఎంత కష్టమో తెలిసిందే. అందుకే చెత్త కాలవ గట్టుకి చేరింది. నాలుగూళ్లు కలిసి ఒక షెడ్డు నడిపితే లెక్క కుదురుతుంది. కానీ ఎవరి ఊళ్లో? మా ఊరి చెత్త మాకు చెత్త, పక్కూరి చెత్త మాకు అవమానం. పంచుకోవడంలో కష్టం డబ్బు దగ్గర రాదండీ, ఇదిగో ఇక్కడ వస్తుంది.

తెలంగాణలో ఈ కష్టాన్ని వేరే దారిన దాటారు. 2018లో చిన్న చిన్న ఆవాసాల్నీ తండాల్నీ పంచాయతీలు చేశారు. సంఖ్య 12 వేలు దాటింది. ప్రతి పంచాయతీకీ ఒక కార్యదర్శిని ఇచ్చారు, ఒక ట్రాక్టరు కొనిపించారు. కార్యదర్శి సంగతి నేను మెచ్చుకుంటాను. ట్రాక్టరు దగ్గర మాత్రం నా ఆడిటరు కనుబొమ్మ లేచింది. వాయిదాలు కట్టేదీ, డ్రైవరుకిచ్చేదీ, డీజిలు పోయించేదీ ఆ చిన్న పంచాయతీయే.

ప్రపంచంలో ఈ పంచుకునే పనిని పాతకాలం నుంచి శ్రద్ధగా చేస్తున్నవాళ్లు ఫ్రెంచివాళ్లు. అంత దూరం పోనక్కర్లేదు, మన యానాం 1880లో ఫ్రెంచి కమ్యూన్ అయింది, మేయరు ఉండేవాడు. ఫ్రాన్సులో దాదాపు 35 వేల కమ్యూన్లు. చాలావాటిలో మన చిన్న పంచాయతీ అంత జనం కూడా ఉండరు. 1890లోనే అక్కడ ఒక చట్టం వచ్చింది: పక్కపక్క కమ్యూన్లు తమంతట తాము ఒక పని కోసం సంఘం కట్టుకోవచ్చు, ప్రతి కమ్యూనూ తన ప్రతినిధుల్ని పంపుతుంది, ఖర్చులో తన వాటా కడుతుంది. నీళ్ల కోసం ఒకటి, కరెంటు కోసం ఒకటి, చెత్త కోసం ఒకటి. ఊరు ఊరుగానే ఉంటుంది, మేయరు మేయరుగానే ఉంటాడు. దాన్ని ఇక్కడికి ఎత్తుకురమ్మని నేననను. వాళ్ల దగ్గర సొంత పన్నుంది. మన పంచాయతీకి ఆర్థిక సంఘం గ్రాంటు రాకపోతే బ్లీచింగు పౌడరుకి దిక్కులేదు. వాటా వేసుకోవాలంటే ముందు చేతిలో ఏదో ఉండాలి కదా.

మనకు దగ్గర్లో ఉన్న ప్రయోగం గ్రామ సచివాలయం. అది మొదలైంది కూడా అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోనే. 2019 అక్టోబరు 2న కాకినాడ పక్కన కరపలో. పల్లెల్లో సుమారు రెండు వేల జనాభాకు ఒకటి చొప్పున 11,162 సచివాలయాలు. ఒక్కోదానిలో సర్వేయరు, ఇంజినీరింగు అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు, వ్యవసాయం, పశువులు, ఇలా పదిమంది వరకు. పంచాయతీల కంటే సచివాలయాలు తక్కువ గనక చిన్న పంచాయతీలు రెండు కలిసి ఒకదాన్ని వాడుకోవాల్సి వచ్చింది. సెక్రటరీగారి మూడో ఊరు అలాగే పక్కూరి సచివాలయానికి జతపడింది. జనానికి మేలు జరిగిందా అంటే జరిగింది, కాగితం త్వరగా చేతికొచ్చింది. కానీ ఆ మూడో ఊరి సర్పంచి ఒకసారి నాతో అన్న మాట మరిచిపోలేను: "ఆ బిల్డింగులోకి వెళ్తే నేను చుట్టాన్నండి. కూర్చోమంటారు, టీ ఇస్తారు. పని ఎవరికి చెప్పాలో తెలీదు." పదిమంది ఉద్యోగులూ పది శాఖలకు జవాబుదారీ. రెండు పంచాయతీలకూ ఉమ్మడిగా ఉన్నది గోడలే.

పైస్థాయిలో ఇంకో చిత్రం ఉంది. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి మూడు జిల్లాలైంది, పశ్చిమ గోదావరి రెండైంది. కలెక్టరేట్లు విడిపోయాయి, జిల్లా పరిషత్తులు విడిపోలేదు. కాకినాడలో సర్వసభ్య సమావేశం పెడితే అమలాపురం, రాజమహేంద్రవరం వైపు సభ్యులు కూడా అక్కడికే వెళ్లాలి. కైకలూరు వైపు కథ ఇంకా ముచ్చటైనది: జిల్లా కేంద్రం ఏలూరు, పరిషత్తు మచిలీపట్నం. ఇది కూడా పాలనా సేవలు పంచుకోవడమే, ఎవరూ కోరకుండా, ఎవరూ వద్దనకుండా. నేను పేరుపెట్టాలంటే దీన్ని 'మరిచిపోయిన ఉమ్మడి' అంటాను.

పంచుకోలేని చోట మింగేయడం మొదలవుతుంది. పట్టణం పెరుగుతుంది, చుట్టూ ఉన్న పంచాయతీల్ని కలిపేసుకుందామంటుంది. పట్టణం చెత్త పోవడానికి పల్లె కావాలి, పల్లెకి పట్టణం పైపు కావాలి, ఇద్దరికీ అవసరం ఉంది. కానీ విలీనమంటే ఇంటిపన్ను పెరుగుతుంది, ఉపాధి హామీ పని పోతుంది, ఊరి పేరు వార్డు నంబరవుతుంది. పల్లె కోర్టుకెక్కుతుంది. 2021 మార్చిలో రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగితే రాజమహేంద్రవరం, భీమవరం, తణుకు, పాలకొల్లు ఓట్లు వేయలేదు. విలీనం చిక్కుముడే దానికి ముఖ్య కారణం. పైపు వరకు ఒప్పందం, చెత్త వరకు ఒప్పందం, మిగతాది ఎవరిది వారిదే అన్న మూడో దారి ఆ చర్చల్లో నాకెక్కడా వినబడలేదు.

నిజానికి ఆ దారి మంచినీటి పథకాల్లో సగం వేసే ఉంది. మన డెల్టాలో వేసవిలో కాలవలు కట్టేస్తారు. అన్నాళ్లకీ సరిపడా నీళ్లు పట్టి ఉంచే చెరువు తవ్వాలంటే చిన్న పంచాయతీకి భూమి చాలదు. చేపల చెరువులొచ్చాక బోరు నీళ్లు ఉప్పనయిన ఊళ్లకి ఇంకో గతి లేదు. అందుకే పది ఇరవై ఊళ్లకు కలిపి ఒక చెరువు, ఒక వడపోత కేంద్రం, ఊరికో ఓవర్‌హెడ్ ట్యాంకు. పైపు ఉమ్మడి అయింది, పెత్తనం కాలేదు. ఎగువ ఊరి ట్యాంకు పొంగి పొర్లుతుంటే చివరి ఊళ్లో బిందెల వరస. కాలవ మీద వంతు తెలిసిన మనుషులకి పైపు మీద వంతు వేసుకోవడం రాక కాదు. కాలవకి రైతు సంఘం ఉంది, పైపుకి ఇంజినీరు ఒక్కడే ఉన్నాడు. ఆ ఇరవై మంది సర్పంచుల్నీ నెలకోసారి చెరువు గట్టు మీద కూర్చోబెడితే చాలు, మొదటి నెల తిట్టుకుంటారు, మూడో నెలకి వంతు తేలుతుంది. సెక్రటరీగారు చూపించిన ఆ సెక్షన్ అందుకే ఉంది.

2025 అక్టోబరులో మంత్రివర్గం క్లస్టర్ల విధానాన్ని తీసేసింది. 13,351 పంచాయతీలూ ఇక వేటికవే పాలనా విభాగాలు. పదివేల జనాభా దాటినవి 359 రూర్బన్ పంచాయతీలు, మిగిలినవి మూడు గ్రేడులు. మూడో గ్రేడులోనే 6,747. కార్యదర్శి అన్న పేరు పోయి పంచాయతీ అభివృద్ధి అధికారి వచ్చింది. సంచిలో మూడు ముద్రల కాలం చెల్లినట్టే. ఊరికొక మనిషి ఉండాలన్నంత వరకూ ఇది నాకు సంతోషమే. భయం ఒక్కటుంది. వేరుపడ్డ ఉత్సాహంలో దస్తావేజులో నుయ్యి వాక్యం రాయడం మరిచిపోతామేమోనని. మూడో గ్రేడు పంచాయతీ తన ఒక్క అధికారితో నీటి పరీక్ష, చెత్త, కంప్యూటరు, కోర్టు కేసు అన్నీ ఒంటిచేత్తో చేయలేదు. 2021లో ఎన్నికైన సర్పంచుల అయిదేళ్ల గడువు 2026 వరకే. కొత్తగా వచ్చేవాళ్లలో ఒక్క ఇద్దరైనా, పై నుంచి జీవో రాకముందే, పక్కూరి సర్పంచి ఇంటికి సొంతంగా వెళ్లి కాలవ వంతెన దగ్గర ఏం చేద్దామని అడుగుతారేమో చూడాలి. నేను ఆశావాదిని కాను. ఆడిటర్లలో ఆశావాదులుండరు.

చివరగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ గేదె ఉత్తరాలు రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఆడిట్‌లో పరిశీలనకని తీసుకున్నాను, తిరిగి ఇవ్వలేదు. సెక్రటరీగారు రెండుమూడుసార్లు అడిగారు, తరవాత మానేశారు. ఇవాళ వస్తూ వస్తూ కవరులో పెట్టి తెచ్చాను. ఒకటి తూర్పు గట్టు పంచాయతీ పంపినది గనక పడమటి గట్టు ఫైల్లో ఉండాలి, రెండోది పడమటివాళ్లు పంపినది గనక తూర్పు ఫైల్లో ఉండాలి. ఇప్పుడు రెండు ఊళ్లకూ ఇద్దరు అధికారులు వచ్చారు. మొన్న ఫోనులో ఇద్దరితోనూ మాట్లాడాను. అది మా కాగితం కాదండీ, అవతలి పంచాయతీది అని ఇద్దరూ అన్నారు.